అర్జీల సంచి – 14: పొరపాటు మాది



గత భాగంలో మా పల్లె శ్మశానం దారి గురించి రాశాను. పన్నెండేళ్ళలో పదిహేడు అర్జీలు పెట్టాం, ఒక్కదానికీ జవాబు రాలేదని రాశాను. అది చదివి చాలామంది తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, అర్జీ పెడితే మర్యాదగా జవాబొచ్చిన కథ ఒక్కటైనా లేదా నీ సంచిలో?"

ఉంది. ఒకే ఒక్కటి ఉంది. చెప్పడానికి సిగ్గేసి ఇన్నాళ్ళూ దాచాను. ఎందుకంటే ఆ జవాబు కలెక్టరాఫీసు నుంచి రాలేదు, పోలీస్ స్టేషన్ నుంచి రాలేదు, యూనివర్సిటీ నుంచి రాలేదు. ఫోన్లో ఆడుకునే ఒక ఆట కంపెనీ కస్టమర్ సపోర్టు నుంచి వచ్చింది.

అవును, ఆడతాను. పగలంతా భూమి గురించి, ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి మాట్లాడే నలభై ఏళ్ళ మనిషి రాత్రి పదకొండింటికి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విమానంలోంచి పారాచూట్‌తో దూకుతాడు. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. ఇది రమ్మీ కాదు, బెట్టింగ్ కాదు. నలుగురు ఒక జట్టుగా దిగి, తుపాకులూ మందులూ ఏరుకుని, చివరిదాకా ప్రాణాలతో నిలబడాల్సిన ఆట. నాకు నేర్పింది మా అక్క కొడుకు. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం పబ్జీ ఆపేసినప్పుడు వాడు చిన్నపిల్లాడు, రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఇప్పుడు మేం ఆడేది వేరే ఆట. పేరు చెప్పను. నా పని ప్రచారమూ కాదు, దుష్ప్రచారమూ కాదు.

ఈ ఆటలో నాకు బాగా నచ్చేదొకటుంది. తూటా తగిలి కింద పడితే వెంటనే చావం. కాసేపు పాకుతూ ఉంటాం. ఈలోగా జట్టులో ఎవడో ఒకడు వచ్చి పక్కన కూర్చుని చెయ్యేసి లేపాలి. మనం ఎవరమో వాడికి తెలియదు, వాడెవడో మనకి తెలియదు. అయినా తూటాల మధ్య పరుగెత్తుకొచ్చి లేపుతాడు. లేపేముందు ఇంటిపేరు అడగడు. ఊళ్ళో నాకు దొరకనిది ఈ ఆటలో దొరికిందని మా అల్లుడితో అనేవాణ్ణి.

మొన్న వేసవిలో ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

గురుకులంలో ఇంటర్ పరీక్షలు అయిపోయి వాడు ఇంటికొచ్చాడు. పదిహేడేళ్ళు. ఏప్రిల్ 14న పొద్దున విగ్రహానికి దండేసి, సాయంత్రం సభ అయిపోయాక, రాత్రి వాడే అన్నాడు. "మామా, ఇవాళ పేర్లు మారుద్దాం." ఆటలో వాడి పేరు జైభీమ్_అల్లుడు అయింది. నా పేరు జైభీమ్_మామ అయింది. పేరు మార్చడానికి కార్డు కొనాలి. వాడిది కూడా నేనే కొన్నాను. పండగ ఖర్చు అనుకున్నాను.

ఆ రాత్రి జట్టులో మిగిలిన ఇద్దరూ ఎవరో తెలియనివాళ్ళు. ఆటే వెతికి కలిపింది. తెలుగువాళ్ళే. విమానంలో ఉండగానే ఒకడు మైకులో అడిగాడు. "బ్రో, మనోళ్ళేనా?" ఈ ప్రశ్న మీలో ప్రతి ఒక్కరికీ తెలుసు. హాస్టల్లో మొదటి రోజు అడుగుతారు, అద్దెకి ఇల్లు చూసేటప్పుడు అడుగుతారు. ఇప్పుడు విమానంలోంచి దూకేముందు కూడా అడుగుతున్నారు. మేం జవాబు చెప్పలేదు. పేర్లు చదువుకున్నట్టున్నారు. "ఓహో, మీరా" అన్నాడు రెండోవాడు.

ఆట సగంలో మా అల్లుడు పడిపోయాడు. నేను దూరంగా ఉన్నాను, మధ్యలో వంతెన ఉంది. వాళ్ళిద్దరూ వాడి పక్కనే ఉన్నారు, నాలుగడుగుల దూరం. వాడు పాకుతున్నాడు, ప్రాణం గీత తగ్గిపోతోంది. "బ్రో, లేపు బ్రో" అంటున్నాడు. ఒకడు నవ్వుతూ అన్నాడు. "ముట్టుకోకురా, మైల పడతాం." రెండోవాడు చాట్‌లో టైపు చేశాడు. మాలోళ్ళకి తుపాకులు కూడా రిజర్వేషన్లో ఇస్తున్నారా అని. నేను వంతెన దాటేలోపు గీత అయిపోయింది.

ఆట. బొమ్మల ఆట. నాకు తెలుసు. అయినా మా అక్క వాళ్ళ వరండాలో నా పక్కనే కూర్చున్న ఆ పిల్లాడు ఫోన్ బోర్లా పెట్టి "నిద్రొస్తుంది మామా" అని లోపలికి వెళ్ళినప్పుడు, కారంచేడు చెరువు దగ్గర్నుంచి మా పల్లె బోరింగు దాకా ఎన్ని నాలుగడుగుల దూరాలున్నాయో అన్నీ నాకు కనిపించాయి.

పొద్దున లేచేసరికి ఇద్దరి అకౌంట్లూ బ్యాన్. వాళ్ళ స్నేహితులంతా కలిసి రాత్రికి రాత్రే మా మీద రిపోర్టులు కొట్టారు. కారణం ఒక్క ముక్క. "అభ్యంతరకరమైన పేరు." ముప్పై రోజులు.

తిట్టినవాడి పేరు అభ్యంతరకరం కాదు. జై భీమ్ అభ్యంతరకరం. ఇది కూడా మనకి కొత్త కాదు. నేను వదిలేద్దామనుకున్నాను. మా అల్లుడు వదల్లేదు. "ఊరందరికీ అర్జీలు రాస్తావుగా మామా, మనకి రాయవా?"

రాశాను. ఇంగ్లీషులో రాయగలను, కానీ కోపం తెలుగులో వచ్చింది, తెలుగులోనే రాశాను. చాట్ ఫొటో జత చేశాను. పంపిన నిమిషంలో ఒక మెసేజ్ వచ్చింది. మీ ఫిర్యాదు అందింది, ఇదీ మీ టికెట్ నంబరు, రెండు పనిదినాల్లో ఒక మనిషి చదివి జవాబిస్తారు అని. అది మెషిన్ పంపింది, నాకు తెలుసు. కానీ నంబరు వైపు చూస్తూ ఉండిపోయాను. శ్మశానం దారి అర్జీలు పదిహేడింటిలో నంబరు పడినవి నాలుగే. మిగతావి బల్ల మీద పెట్టి వెళ్ళమన్నారు.

రెండో రోజు సాయంత్రం జవాబొచ్చింది. ఇంగ్లీషులో ఉంది. మొదటి వరుస ఇది.

"డియర్ జైభీమ్_మామ."

మిత్రులారా, ఆ వరుస దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నా సంచిలో ఉన్న కాయితాల్లో నన్ను ఎన్నో విధాలుగా పిలిచారు. అర్జీదారు, సదరు వ్యక్తి, ఎస్సీ కాలనీ నివాసి. నోటితో పిలిచినవి వేరే. మా నాన్నకి అరవై దాటాక, మనవడి వయసున్న గుమాస్తా "ఏంట్రా నీ గోల" అన్నాడు. నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నాను. అలాంటిది, నేను పెట్టుకున్న పేరుతో, నేను కోరుకున్న పేరుతో, నన్ను ఒక సంస్థ పిలవడం అదే మొదటిసారి. పైగా ఏ దేశంలో కూర్చున్నారో తెలియని ఆ మనిషి తెలియకుండానే నన్ను మామని చేసుకున్నారు. మా అల్లుడు పడీపడీ నవ్వాడు. ఆ రాత్రి తర్వాత వాడు నవ్వడం అప్పుడే.

ఉత్తరం సారాంశం చెప్తాను. మీరు తెలుగులో రాశారు, నాకు తెలుగు రాదు, అనువాదం చేసే మెషిన్ సాయంతో చదివాను, అందుకే నాకు అర్థమైంది ముందు మీకు చెప్తాను, తప్పుంటే సరిదిద్దండి అన్నారు. తర్వాత మూడు ముక్కలు. ఒకటి, మీ పేరు మీద ఒకే రాత్రి చాలా రిపోర్టులు రావడంతో సిస్టం దానంతటది నిలిపేసింది, ఏ మనిషీ చూడలేదు. రెండు, మీ మేనల్లుడు పడిపోతే కావాలని లేపలేదు. మూడు, మీ పుట్టుకను పట్టుకుని అవమానించారు.

ఆ కింద ఒక ప్రశ్న. "మిమ్మల్ని పూలదండ అని తిట్టారని మెషిన్ అంటోంది. ఇందులో నాకు అర్థం కానిది ఏదో ఉందనిపిస్తోంది. మీకు ఇబ్బంది లేకపోతే వివరించగలరా?"

మాల. మెషిన్ దానికి పూలదండ అని అర్థం చెప్పింది.

ఇది చదివి ముందు నవ్వొచ్చింది. మాదిగ మిత్రుడొకడికి చూపిస్తే "మీకు మెషిన్ దండైనా వేసింది, మాకదీ లేదు" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ జవాబు రాయడానికి కూర్చుంటే రెండు గంటలు పట్టింది. ఎందుకంటే ఆ ప్రశ్న అడిగిన మనిషి ఆగి అడిగారు. పూలదండ అంటే తిట్టు కాదు కదా, కేసు లేదు, క్లోజ్ అని కొట్టేయొచ్చు. కొట్టేయలేదు. తనకి తెలియనిది ఉందని ఒప్పుకుని అడిగారు. అలా అడిగిన మనిషికి సరిగ్గా చెప్పాలి కదా.

ఇలా రాశాను. మీ మెషిన్ తప్పు చెప్పలేదు, మాల అంటే దండే. అవే అక్షరాలు మా కులం పేరు కూడా. మా దేశంలో అంటరానివాళ్ళని ఊరి బయట పెట్టిన కులాల్లో అదొకటి. మా రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ముట్టుకుంటే మైల అని ఆ కుర్రాడు అన్నది ఆ అంటరానితనం గురించే. మా పేరులోని భీమ్, ఆ రాజ్యాంగం ముసాయిదా కమిటీకి అధ్యక్షుడైన భీమ్‌రావ్ అంబేడ్కర్. జై భీమ్ అని మేము ఒకరికొకరం నమస్కారం చెప్పుకుంటాం.

చివర ఇంకో మాట రాశాను. దయచేసి మాల అనే మాటను మీ నిషేధపు జాబితాలో పెట్టకండి. అది తిట్టు కాదు, మా పేరు. సభల్లో తలెత్తి చెప్పుకుంటాం. మాటను ఆపితే మేం మమ్మల్ని పిలుచుకోలేం, తిట్టేవాడు ఇంకో మాట వెతుక్కుంటాడు. ఎవరు, ఎవరిని, ఏ ఉద్దేశంతో అన్నారో చూడండి. అది మెషిన్ పని కాదు, మనిషి పని.

మర్నాటికి రెండో ఉత్తరం వచ్చింది. అందులో మొదటి వాక్యం తెలుగులో చెప్తే రెండే మాటలు.

"పొరపాటు మాది."

మీ పేరులో మా నిబంధనలకు విరుద్ధమైనదేమీ లేదు, అకౌంట్ ఇప్పుడే తెరిచాం, పోయిన రోజులకు బదులు ఇవి ఇస్తున్నాం అని కొన్ని ఆట నాణేలు. మళ్ళీ ఎవరైనా మూకుమ్మడిగా రిపోర్టు కొడితే మనిషి చూడకుండా నిలిపేయకూడదని మీ అకౌంట్ మీద రాసి పెట్టాను. మీరు రాసిన వివరణ మా రివ్యూ టీంలో చాలామందికి కొత్త. మీ అనుమతి ఉంటే, మీ పేరు తీసేసి, వాళ్ళకి పంపుతాను. అనుమతి లేకపోతే పంపను. మీ మేనల్లుడి అకౌంట్ గురించి మీతో మాట్లాడే హక్కు నాకు లేదు, ఆయన్ని తన అకౌంట్ నుంచి రాయమనండి. ఈ టికెట్ నంబరు వేస్తే నా దగ్గరికే వస్తుంది.

ఆయన్ని! పదిహేడేళ్ళ మా వాణ్ణి.

వాడు రాశాడు. జీవితంలో మొదటి అర్జీ. ఇంగ్లీషులో ఆరు వాక్యాలు. రెండు స్పెల్లింగులు తప్పు. దిద్దబోయి ఆగాను. మర్నాటికల్లా వాడి అకౌంట్ తెరుచుకుంది. "మీరు చాలా స్పష్టంగా రాశారు, ఆ రాత్రి మీకు జరిగినదానికి విచారిస్తున్నాను" అని వాడికి జవాబు. ఆ స్క్రీన్‌షాట్ వాళ్ళమ్మకి చూపించాడు. మా అక్కకి ఇంగ్లీషు రాదు. "ఏమన్నార్రా?" అంది. "సారీ అన్నారమ్మా." "ఎవరు?" "కంపెనీవాళ్ళు." అక్క కాసేపు ఆలోచించి "మనకా?" అంది.

ఆ "మనకా" గురించే ఈ భాగం రాస్తున్నాను.

అంతా బాగుందని చెప్పను. తిట్టినవాళ్ళ మీద చర్య తీసుకున్నాం అన్నారు, ఏం చర్యో చెప్పలేం అన్నారు. రిపోర్టు మెనూలో జాతి ఉంది, మతం ఉంది, లింగం ఉంది, కులం లేదు. ఫేస్‌బుక్, యూట్యూబ్ తమ ద్వేష నిబంధనల్లో కులం అనే మాట చేర్చాయి. మనవాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చిన మాట అది. ఈ ఆటలోనూ చేర్చమని ఇంకో టికెట్ పెట్టాను. మీరూ పెట్టండి.

ఇంకో సంగతి. ఆ మనిషి మంచితనమా, కంపెనీ పద్ధతా అన్నది తేల్చుకుందామని హైదరాబాద్‌లో సపోర్టు ఉద్యోగం చేస్తున్న చెల్లెలికి ఫోన్ చేశాను. ఉద్యమంలో మాతో తిరిగిన పిల్ల. రాత్రి షిఫ్టు. ఉత్తరాలు చదివి వినిపించాను. "మొదటి నాలుగు వాక్యాలు టెంప్లేట్ అన్నా, మాకూ ఉంటాయి. కస్టమర్ చెప్పింది తిరిగి చెప్పడం కూడా ట్రైనింగ్‌లో నేర్పుతారు. కానీ పూలదండ ప్రశ్న టెంప్లేట్‌లో ఉండదు. ఒక్కో టికెట్‌కి ఇన్ని నిమిషాలని లెక్క ఉంటుంది. నీ మీద ఆ మనిషి ఆ లెక్క దాటి ఉంటారు. రేటింగ్ ఇచ్చావా?" ఇవ్వలేదన్నాను. "అర్జీలు రాసేవాడివి, అవతల కూలీ ఉందని మర్చిపోతే ఎలా అన్నా? ముందు ఐదు స్టార్లు ఇవ్వు, తర్వాత మాట్లాడు." ఫోన్ పెట్టకుండానే ఇచ్చాను.

తర్వాత తనే ఇంకో మాట చెప్పింది. "ఎక్కడో ఉన్న కస్టమర్ నన్ను మేడమ్ అంటాడన్నా. పక్క సీట్లో కూర్చున్నవాడు మాత్రం క్యాంటీన్లో ప్లేటు పట్టుకుని మీదే ఊరు, ఊళ్ళో ఎక్కడ, ఇంటిపేరేంటి అని మూడు ప్రశ్నల్లో తేల్చుకుంటాడు. మర్యాద హెడ్‌సెట్‌లో ఉంది, క్యాంటీన్లో లేదు."

కాబట్టి మార్కెట్ వచ్చింది, కులం పోయింది అని చెప్పే మిత్రులకి ఈ కథ పనికిరాదు. నేనా ఉద్దేశంతో చెప్పలేదు.

రెండో రకం మిత్రులు ఇంకోటి అంటారు. "కార్డు కొన్నావు కాబట్టి మర్యాద ఇచ్చారు. నువ్వు వాళ్ళకి పౌరుడివి కాదు, గిరాకీవి." నిజమే. వాళ్ళకి నా మీద ప్రేమ లేదు. రేపు నిబంధన మార్చుకుంటే అడిగేవాడు లేడు. కానీ నాకొకటి చెప్పండి. నేను ఆ కంపెనీకి ఇచ్చింది చిన్న మొత్తం. ప్రభుత్వానికి మా అమ్మ అగ్గిపెట్టె కొన్న ప్రతిసారీ పన్ను కట్టింది. ఓటు ప్రతిసారీ వేసింది. మరి ఆమె అర్జీకి నంబరు ఎందుకు పడలేదు? గిరాకీకి ఇచ్చే పాటి మర్యాద పౌరురాలికి దక్కలేదంటే సిగ్గుపడాల్సింది గిరాకీ కాదు.

ప్రేమ నాకు అక్కర్లేదు. దయ అసలే అక్కర్లేదు. రసీదు కావాలి.

జరిగింది మళ్ళీ చూడండి. ఫిర్యాదు తీసుకుని నంబరిచ్చారు. చెప్పింది తిరిగి చదివి వినిపించి, సరేనా అని అడిగారు. గడువు చెప్పారు, గడువులో జవాబిచ్చారు. కారణం రాతలో ఇచ్చారు. తప్పు ఉంటే తప్పన్నారు. ఇందులో ఏ ఒక్కటీ గొప్ప మనసు కాదు. పద్ధతి. ఆ పద్ధతి లోపల ఒక మనిషి కాస్త మనసు పెట్టారు, అంతే.

ఇప్పుడు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం తీయండి. 1989 చట్టం, 2015లో సవరించారు. నాలుగో సెక్షన్ చదవండి. బాధితులు నోటితో చెప్పింది రాసుకుని, సంతకం తీసుకునేముందు వాళ్ళకి చదివి వినిపించాలి. ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి. దాని కాపీ వెంటనే ఇవ్వాలి. అరవై రోజుల్లో దర్యాప్తు పూర్తి చేసి చార్జిషీటు వేయాలి, ఆలస్యమైతే ఎందుకైందో రాతపూర్వకంగా చెప్పాలి. ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వోద్యోగి కావాలని ఈ విధులు చేయకపోతే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు.

చూశారా? నంబరు, తిరిగి చదవడం, కాపీ, గడువు, కారణం. ఆట కంపెనీ ట్రైనింగ్‌లో నేర్పేది మన చట్టంలో అక్షరాలా రాసి ఉంది. అంతకంటే గట్టిగా రాసి ఉంది, చేయనివాడికి జైలు అని కూడా ఉంది. కానీ స్టేషన్ మెట్లెక్కితే మనం మొదట వినే మాట ఏంటి? "పెద్దమనుషుల్లో కూర్చుని మాట్లాడుకోండి."

చుండూరు 1991 ఆగస్టు 6. ఎనిమిది మందిని చంపారు. ప్రత్యేక కోర్టు తీర్పు రావడానికి 2007 దాకా పట్టింది. 21 మందికి యావజ్జీవం. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. ఆట టికెట్‌కి రెండు రోజులు, ఎనిమిది శవాలకి మొదటి తీర్పు రావడానికే పదహారేళ్ళు. పోల్చకూడదని నాకూ తెలుసు. కానీ పోలిక నేను తేలేదు, నా సంచిలో రెండు కాయితాలూ పక్కపక్కనే ఉన్నాయి.

యూనివర్సిటీ తమ్ముళ్ళకి బ్యాన్ అంటే ఏంటో నేను చెప్పనక్కర్లేదు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ గదులు పోగొట్టుకున్న ఐదుగురు దళిత విద్యార్థులు ఆరుబయట పడుకున్న చోటికి వెలివాడ అని పేరు పెట్టారు. ఆ నెల 17న రోహిత్ వేముల మనకి లేకుండా పోయాడు. ఆ పిల్లలకి ఏ అధికారి అయినా, ఏ ఒక్క రోజైనా, మీరు చెప్పింది నాకిలా అర్థమైంది, సరేనా అని అడిగి ఉంటే అని నేను చాలా రాత్రులు అనుకున్నాను. పొరపాటు మాది అన్న రెండు మాటలకి ఎంత బరువుందో అవి ఎప్పుడూ వినని జనానికే తెలుస్తుంది.

1948 డిసెంబరు 9న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ ఒక అధికరణాన్ని చూపించి ఇదే రాజ్యాంగానికి ఆత్మ, గుండె అన్నాడు. ఇప్పుడది 32వ అధికరణం. అందులో కొత్త హక్కేమీ లేదు. హక్కు పోతే ఎక్కడికెళ్ళి అడగాలో ఉంది. ఎందుకు దాన్ని గుండె అన్నాడో ఉద్యమంలో ఇన్నేళ్ళున్నా నాకు పుస్తకంలోనే అర్థమైంది. ఈ వేసవిలో ఒళ్ళంతా అర్థమైంది. హక్కు ఉందని చెప్పడం సులువు. అడిగితే జవాబు వచ్చే చోటు ఒకటి ఉండాలి. ఆ చోట అడిగేవాడికి చేతులు కట్టుకోవాల్సిన పని ఉండకూడదు.

కాబట్టి తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఆచరణలోకి వద్దాం. ఇక మీదట కాయితం బల్ల మీద పెట్టి రావద్దు. రెండు కాపీలు తీసుకెళ్ళండి. రెండో దాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. వేయకపోతే ఎందుకు వేయరో రాసివ్వమనండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద నా అర్జీ మీద ఏం చేశారని అడగండి, ముప్పై రోజుల్లో చెప్పాలి. స్టేషన్లో చదివి వినిపించమని అడగండి, నాలుగో సెక్షన్ పేరు చెప్పి అడగండి. ఆన్‌లైన్లో కులం పేరుతో తిడితే వదిలేయకండి. 2021 ఐటీ రూల్స్ రాసినప్పుడే ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి అని రాశారు. ఫొటో తీసి, తేదీ వేసి, టికెట్ పెట్టండి. అవతల జవాబిచ్చే మనిషి మంచిగా పని చేస్తే వాళ్ళకి ఐదు స్టార్లు ఇవ్వడం మర్చిపోవద్దు. వాళ్ళూ కూలీలే.

చివరిగా మా అల్లుడి సంగతి చెప్పి ముగిస్తాను.

మా పల్లెలో మూడో వీధి దీపం ఏడాదిగా వెలగడం లేదు. జూన్‌లో వాడు ఒక తెల్ల కాయితం మీద ఆరు వాక్యాలు రాసుకుని, నాకు చెప్పకుండా, పంచాయితీ ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడున్నాయన చదివి "సరేలే, చూస్తాం, పో" అన్నాడట. వీడు పోలేదు. "దీనికి నంబరేదండీ?" అన్నాడట. ఆయన తలెత్తి "నంబరేంట్రా?" అన్నాడట. వీడు "టికెట్ నంబరు" అన్నాడట. ఆఫీసంతా నవ్వారట. వీడు నిలబడే ఉన్నాడట, చేతులు కట్టుకోకుండా. కాసేపయ్యాక ఆయన రిజిస్టరు తెప్పించి, నంబరు వేసి, కాపీ మీద ముద్ర కొట్టి ఇచ్చాడు.

ఇంటికొచ్చి ఆ కాయితం నా చేతిలో పెట్టాడు. "దీన్ని నీ సంచిలో పెట్టుకో మామా."

నాకు గర్వంగా ఉంది, భయంగానూ ఉంది. ముప్పై ఏళ్ళ క్రితం నాన్న పక్కన నిలబడినప్పుడు, అడిగితే జవాబొస్తుందని నేను అనుకోలేదు. వీడు అనుకుంటున్నాడు. అడిగితే జవాబొస్తుందని, తప్పు చేస్తే తప్పంటారని, తనని ఆయన అంటారని. ఒక ఆట వాడికి ఆ అలవాటు చేసింది. ఆ అలవాటు పోకుండా చూసుకోవడం ఇక మన పని.

దీపం ఇంకా వెలగలేదు. నంబరు మాత్రం ఉంది. ముప్పై రోజులు నిండగానే ఇద్దరం కలిసి వెళ్తాం.

జై భీమ్.